మూఢంలో తెరిచిన ఫోను

ఈమధ్య మా ఇంట్లో కొత్త వస్తువు కొనాలంటే రెండు కాలాలు కలవాలి. ఒకటి మా ఆయన కాలం, రెండోది మా అమ్మ కాలం. మా ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో పాతికేళ్లుగా షిఫ్టు డ్యూటీ చేస్తున్నారు. ధర ఇంకా దిగుతుందేమో చూడకుండా ఆయన చీపురుకట్ట కూడా కొననివ్వరు. మా అమ్మేమో, అది మా అక్క కోసమైతే, గోడమీది క్యాలెండరు చూడకుండా గడప దాటి లోపలికి రానివ్వదు. ఆయన సరేనన్న రోజున అమ్మ వద్దంటుంది, అమ్మ మంచిరోజన్న నాడు ఆయన ఆగమంటారు. మధ్యలో నేను. నాకా, ఓపికన్నది పుట్టుకతోనే లేదు. విజయవాడలో జాకెట్లు కుట్టే షాపు నాది. గుడ్డ ఇచ్చి సాయంత్రానికి కావాలనే ఆడవాళ్లతో వేగీ వేగీ, ఏ పనైనా అప్పటికప్పుడు తేలిపోవాలనే జబ్బు పట్టింది. అలాంటి నేను ఒక ఫోను కోసం మూడు నెలలు ఆగాను. ఆ మూడు నెలలూ బందరు అవతల సముద్రం ఒడ్డున మా అక్క, మా అమ్మ చచ్చిపోయిందనుకుంటూ బతికింది.

అమ్మ నా ఇంట్లోనే మంచంమీద నిక్షేపంగా ఉంది. కూరలో ఉప్పు తక్కువైందని నన్ను తిడుతూ ఉంది. ఆ సంగతి అక్కకి తెలియజెప్పడం మావల్ల కాలేదు. అదీ అసలు కథ.

అక్కకి వినపడదు, మాట రాదు. పుట్టుకతో కాదు. మూడో ఏట మేనమామ ఊళ్లోకి వచ్చాడని, మళ్లీ ఎప్పుడొస్తాడో ఏమోనని, మూఢమని తెలిసి కూడా అమ్మ ఆ రోజే పిల్లని మామ ఒళ్లో కూర్చోబెట్టి చెవులు కుట్టించేసింది. నెల తిరక్కుండా పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వినికిడి పట్టుకుపోయింది. అది జ్వరంవల్లనేనమ్మా, చెవులు కుట్టించడంవల్ల కాదమ్మా అని డాక్టర్లు ఎంత చెప్పినా అమ్మ చెవికెక్కలేదు. ఈ పిల్ల విషయంలో ఒకసారి తొందరపడ్డాను, ఇక చచ్చినా పడను అనుకుంది. అక్క పెళ్లికి, అక్క ఇంటికి, ఆఖరికి అక్క చేపలు ఎండబెట్టుకునే పందిరికి కూడా రోజులు లెక్కపెట్టి ముహూర్తం చూసింది. మిగతావాళ్ల సంగతి ఆవిడకి పెద్దగా పట్టదు. నేను అమావాస్యనాడు మిషను కొన్నా ఏమీ అనలేదు.

అక్కని బడికి పంపలేదు. అలాంటి పిల్లలకి బడి ఒకటి ఉంటుందని మా పల్లెలో ఎవరికీ తెలియదు. మరి మాట్లాడేదెలా? అమ్మే ఒక భాష తయారుచేసింది. అక్షరం ముక్క రాని మనిషి, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని బందరు వీధులన్నీ తిరిగొచ్చి, సాయంత్రం గుమ్మంలో కూర్చుని కూతురికి ఒక్కో మాటా చేతుల్తో చేసి ఇచ్చింది. ముక్కు పక్కన వేలు తాకిస్తే అమ్మ, ఆవిడకి ముక్కుపుడక ఉంటుంది కాబట్టి. వల విసిరినట్టు చెయ్యి తిప్పితే నాన్న. బొటనవేలు నోటి దగ్గర పెడితే నేను. ఆరేళ్లదాకా వేలు చీకాను మరి, యాభై దాటినా ఆ పేరు నన్ను వదల్లేదు. చెంపకింద చెయ్యి పెట్టుకుంటే ఒక రాత్రి, ఎన్ని వేళ్లు చూపిస్తే అన్ని రాత్రులు. అరచెయ్యి వెల్లకిలా తిప్పితే ఆ మనిషి ఇక లేడని. ఈ భాష భూమ్మీద ముగ్గురికే వచ్చు: అమ్మకి, అక్కకి, నాకు. ముప్పై ఏళ్లు కాపరం చేసిన మా బావకి కూడా తిండి, చేప, వాన, రా, పో వరకే. అయినా తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. నేను పదో తరగతి దాకా చదివి ఒక్క కొత్త మాట పుట్టించలేదు. ఆవిడ ఏమీ చదవకుండా భాషకి భాషనే పుట్టించింది.

అమ్మ మొదట్నుంచీ అక్క దగ్గరే ఉండేది. జ్యేష్ఠమాసం ఆఖర్లో చేపలు కడిగేచోట కాలు జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. అంబులెన్సు వచ్చింది, నలుగురు మోసి ఎక్కించారు, బావ వెంట వెళ్లాడు. అక్క వాకిట్లో నిలబడి చూసింది. బందర్లో కుదరదన్నారు, విజయవాడ తెచ్చాం, ఆపరేషన్ అయింది, బాగానే అయింది. ఆ తర్వాత నెలల తరబడి ప్రయాణం మాటే ఎత్తొద్దన్నారు డాక్టరుగారు. అమ్మని నా ఇంటికి తెచ్చుకున్నాను. బావ ఊరికి తిరిగి వెళ్లి, అమ్మ బాగుంది అని తనకొచ్చిన నాలుగు సైగల్లో చెప్పబోతే అక్క తల అడ్డంగా ఊపి అరచెయ్యి వెల్లకిలా తిప్పిందట.

నాకు నవ్వొచ్చింది ముందు. ఓస్, ఇంతేగదా, నేనెళ్లి చెప్తే సరిపోద్ది అనుకున్నాను. ఆదివారం షాపు కట్టేసి బస్సెక్కాను. అక్క పందిరి కింద చేపలు తిరగేస్తూ ఉంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ముక్కు పక్కన వేలు, కాలు, కట్టు, మంచం, అన్నం తింటోంది, తిడుతోంది కూడా. అక్క నా చేతులవంక చూడలేదు, మొహంవంకే చూసింది. అంతా అయ్యాక, వల విసిరినట్టు చెయ్యి ఒక్కసారి తిప్పి, నావైపు వేలు చూపించి, మళ్లీ చేపల్లోకి వంగిపోయింది.

అర్థమైంది నాకు. పదేళ్ల కిందట నాన్న బందరు ఆస్పత్రిలో పోయినప్పుడు, అక్క తట్టుకోలేదని, నాన్న బాగున్నాడు, అన్నం తింటున్నాడు, నువ్వు కారెక్కు వెళ్లి చూద్దాం అని చెప్పింది నేనే. ఈ చేతుల్తోనే చెప్పాను. కారు దిగి తను చూసింది శవాన్ని. లోకంలో ఎవరు అబద్ధం చెప్పినా మనలాంటివాళ్లకి ఇంకో మనిషి ఉంటాడు నిజం చెప్పడానికి. మా భాషలో ఉన్నది ముగ్గురం. అందులో ఒకరు చచ్చిపోయారని తను అనుకుంటోంది, ఇంకొకరు అబద్ధాలకోరు. పోనీ నువ్వే వచ్చి చూడవే అంటే ఎలా వస్తుంది? ఆ రోజు నుంచి అక్క కారూ ఎక్కలేదు, ఊరు దాటి ఎవరి వెంటా వెళ్లలేదు.

తిరిగొచ్చాక అమ్మ ఫోటో తీసి బావకి పంపాను. బావ దగ్గర మంచి ఫోనే ఉంది. పడవ రాగానే చేపలు ఫోటో తీసి విజయవాడ వ్యాపారులకి పంపుతాడు గనక తప్పదు. అమ్మకి తల దువ్వి, బొట్టు పెట్టి, దిండుకి ఆనించి కూర్చోబెట్టి తీశాను. అక్క ఆ ఫోటో చూసి బావ దగ్గర్నుంచి ఫోను లాక్కుని చాలాసేపు గుండెకి పెట్టుకుందట. నమ్మిందనుకుని మేం సంబరపడ్డాం. ఆ వెంటనే వీడియో కాల్ చేశాం. నా ఫోనుకి అప్పటికే ఆరేళ్లు, అద్దం పగిలి, కెమెరా మసకబారి, పాపం అది పనిచెయ్యడమే గొప్ప. అమ్మ చేతులు ఆడిస్తుంటే అవతల అక్కకి ఏదో తెల్లటి పొగ కదిలినట్టు కనపడిందట. చూస్తుండగానే అమ్మ బొమ్మ అలాగే ఆగిపోయింది, కళ్లు సగం మూసి, చెయ్యి గాల్లో పెట్టి. అక్క ఫోను బోర్లించి వెళ్లిపోయింది. ఆ తర్వాత బావ ఎన్నిసార్లు ఫోను చూపించబోయినా మొహం తిప్పేసుకునేది.

అప్పుడు అన్నాను, కొత్త ఫోను కావాలి, ఇవాళే కావాలి అని.

మా ఆయన లేచారు. ఆయన అంత తేలిగ్గా లేవరు. ఆయనది బటన్ల ఫోను, దాంతోనే ఆయనకి స్వర్గం. అయినా ఫోన్ల ధరలు ఆయనకి నోటికొచ్చు. నేను వేలు పెట్టిన ఫోనుకి వచ్చే రెండు నెలల్లో కొత్త మోడల్ వస్తుందట, అది రాగానే దీని ధర దిగుతుందట, ఆపైన పండగ సేల్ ఉంటుందట. ఇప్పుడు కొంటే మనంత తెలివితక్కువవాళ్లు ఉండరు అన్నారు. అన్నారు గానీ మనిషి చెడ్డవాడు కాదు. మూడు షాపులు తిరిగి, వేగంగా ఆడే చేతులు చెదరకుండా కనపడాలంటే ఏ ఫోను కావాలని అడిగి వచ్చారు. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ అన్నాడట షాపతను. సరే, అలాంటిదే చూశారు, దాని ధర ఎక్కువ, కాబట్టి ఆగాలన్నారు.

అమ్మ ఇంకోవైపు నుంచి అందుకుంది. ఇది నీ ఫోను కాదే, దాని కోసం కొంటున్నావు, ఆషాఢంలో వద్దు. శ్రావణం వచ్చింది. అమ్మ సరేనంది, మా ఆయన కొత్త మోడల్ రాలేదన్నారు. భాద్రపదం వచ్చింది, కొత్త మోడల్ వచ్చింది, ధర కదిలింది. శూన్యమాసం అంది అమ్మ. దానికితోడు మూఢం మొదలైంది. నేను మిషను మీద కూర్చుని ఇద్దర్నీ తిట్టుకుంటూ ఎన్ని జాకెట్లకి చేతులు తారుమారు చేసి కుట్టానో లెక్కలేదు. పక్కింటివాళ్ల ఫోను అడుగుదామనుకున్నాను. బతికున్న మనిషిని చచ్చిపోయిందనుకుంటున్నారని పరాయి ఇంట్లో నోటితో అంటావా అని అమ్మ కస్సుమంది. నిజం చెప్పాలంటే నాకూ నోరు రాలేదు. అక్క ఎందుకు నమ్మట్లేదని అడుగుతారు కదా. అప్పుడు నా సంగతి చెప్పాలి.

అయినా నేనెందుకు ఊరుకున్నట్టు? ఇప్పటికీ నన్ను నేను అడుగుతాను. ఎవరినీ లక్ష్యపెట్టని దాన్ని, షాపుకెళ్లి తెచ్చుకుంటే ఆపేవాళ్లెవరు? అంత తొందరమనిషికీ లోపల ఎక్కడో భయం ఉంది. కొత్త ఫోనులో కూడా అక్క మొహం తిప్పేసుకుంటే ఇక చెయ్యడానికేమీ మిగలదు. మంచిరోజు రానీ, ధర దిగనీ అంటున్నది వాళ్లిద్దరూ. దాని చాటున దాక్కున్నది నేను.

సేల్ పెట్టారు. మా ఆయన డ్యూటీ దిగి సరాసరి బీసెంట్ రోడ్డుకి వెళ్లి కొనుక్కొచ్చారు. ఆయన మొహం వెలిగిపోయింది, అనుకున్న ధరకంటే తక్కువకే దొరికిందట. అమ్మ డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, సీలు విప్పకుండా దేవుడి గూట్లో పెట్టమంది. కొన్నారు కొన్నారు, మూఢంలో తెరవకండి, ఇంకెన్ని రోజులు, వెళ్లిపోద్ది అంది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, డబ్బాని గూట్లో దేవుళ్ల పక్కన నిలబెట్టాను. పొద్దున్న దీపం పెట్టేటప్పుడు దేవుళ్లకి దణ్ణం పెట్టి దానికీ ఒకటి పెట్టేదాన్ని. మా వీధిలో ఇది వింతేమీ కాదు. వీధి చివరావిడ ఫ్రిజ్‌ని ఇరవై రోజులు అట్టపెట్టెతోనే హాల్లో ఉంచి, ఆ ఎండల్లో కుండనీళ్లు తాగింది.

పదిహేనో రోజు మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. ఇది జరిగి మూడు వారాలైంది, నీకెలా చెప్పాలో తెలియక ఊరుకున్నానమ్మాయ్ అన్నాడు ముందు. ఆ తర్వాత చెప్పాడు. అక్క, ఎవరికీ చెప్పకుండా, చేపలమ్మే ఆడవాళ్లతో కలిసి ఆటోలో బందరు వెళ్లింది. పదేళ్లలో ఊరు దాటడం అదే మొదటిసారి. బావ ఫోను కొంగున కట్టుకుని వెళ్లి, స్టూడియో అతనికి అమ్మ ఫోటో చూపించి, చేతుల్తో ఇంత పెద్దది కావాలని చెప్పింది. అతను ఏమర్థం చేసుకున్నాడో, పెద్దది చేసి, ఫ్రేము కట్టి, దండ కూడా తనే వేసి ఇచ్చాడు. మా ఇళ్లల్లో గోడకెక్కేవి పోయినవాళ్ల ఫోటోలే. తాతది, మామ్మది, నాన్నది. నేను అంత శ్రద్ధగా తల దువ్వి బొట్టు పెట్టి తీసి పంపిన ఫోటో తను గుండెకెందుకు పెట్టుకుందో అప్పుడు తెలిసింది నాకు. చావుకబురు చెప్పే ధైర్యంలేక ఫోటో పంపారనుకుంది. బతికుందని నమ్మి కాదు, పోయిందని నమ్మి పెట్టుకుంది.

గోడమీది ఫోటోని ఫోనులో తీసి పంపానమ్మాయ్, చూడు అన్నాడు బావ. నా ఫోను సంగతి తెలుసుగా, బొమ్మ పైనుంచి కొంచెం కొంచెంగా దిగుతోంది. మేకు, ఫ్రేము అంచు, దండ. ఏంటే అది, ఇటివ్వు అంది అమ్మ. ఇవ్వకూడదనుకున్నాను గానీ ఆవిడ చెయ్యి అప్పటికే ఫోనుమీద పడింది. చివరికి దండ మధ్యలో ఆవిడ మొహం దిగింది. ఆవిడ చూస్తూనే ఉంది. ఏమంటుందో, గుండె ఆగిపోతుందేమో, డాక్టరుకి ఏమని చెప్పాలో అని నేను ఆవిడ మొహమే చూస్తున్నాను.

"ప్లాస్టిక్ దండా?" అంది అమ్మ.

అవుననుకుంటా అన్నాను. ఇంకాసేపు చూసింది. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి వెళ్తున్నాయి, తుడుచుకోలేదు. అది ఒక్కతే ఏడ్చి ఉంటదే, ఎవరికీ చెప్పుకోలేక, అని మెల్లగా అంది. తర్వాత గూటివైపు చెయ్యి చూపించి డబ్బా తెమ్మంది. నేను క్యాలెండరువంక చూశాను. నాకు పట్టింపు లేదు గానీ, ఆవిడకోసం చూశాను. మూఢం ఇంకా తొమ్మిది రోజులుందే అమ్మా అన్నాను.

"నేనే పోయానంట. పోయినదానికి మూఢమేంటే? విప్పు."

డబ్బా తెచ్చాను. సీలు నాకు ఊడిరాలేదు. అమ్మే తీసుకుని చేప కడుపు చీల్చినట్టు గోరుతో ఒక్కసారి చీల్చేసింది. యాభై ఏళ్లుగా ఆ పిల్ల పేరుమీద ఒక్క గంట కూడా తప్పనివ్వని మనిషి, ఆ గంటలో వర్జ్యం ఉందో రాహుకాలం ఉందో అడగలేదు. నాకు ఆ క్షణాన ఆవిడంటే భయంతో కూడిన భక్తి కలిగింది. దేవుడి గూడు అటుంది, నేను ఇటు తిరిగి దణ్ణం పెట్టాలి అనిపించింది.

మా ఆయన డ్యూటీ నుంచి అప్పుడే వచ్చారు. సంగతి విని, షర్టు కూడా మార్చకుండా కూర్చుని సిమ్ము వేసి, కావలసినవన్నీ ఎక్కించి, మంచానికి ఎదురుగా కుర్చీ వేసుకుని ఫోను రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నారు. చెంబుకి ఆనిద్దామండీ అంటే వద్దన్నారు. చెంబు జారితే మళ్లీ బొమ్మ చెదురుతుందట. బావకి కలిపాం. అక్క ఎప్పటిలాగే మొహం తిప్పేసుకుంది. బావ ఈసారి బలవంతపెట్టలేదు. అక్క చేపలు వేరుచేసే పళ్లేనికి అడ్డంగా ఫోను పెట్టి పక్కకి తప్పుకున్నాడు.

నేను అమ్మ భుజంమీదుగా చూస్తున్నాను. కొత్త అద్దంలో అక్క చేతులు ముందు కనిపించాయి. గోళ్లలో ఇరుక్కున్న పొలుసులు కూడా కనపడుతున్నాయి. యాభై మైళ్ల అవతలి పొలుసులు. ఆ చేతులు ఆగాయి. నెమ్మదిగా మొహం దిగివచ్చింది.

అమ్మ చెయ్యెత్తింది. ఎత్తి, ఆగిపోయింది. నేను బతికే ఉన్నాను అనడానికి మా భాషలో మాట లేదు. అంతకాలంలో దానితో అవసరం ఎవరికీ రాలేదు. ముక్కు పక్కన వేలు తాకించి, నేలవైపు చూపించింది. అమ్మ, ఇక్కడ. మళ్లీ అదే. అమ్మ, ఇక్కడ.

అక్క ఫోను ఎత్తి వెనక్కి తిప్పి చూసింది. ఒక్క క్షణం పందిరి కప్పు, ఆకాశం తిరిగాయి మాకు. మళ్లీ పెట్టింది. చనిపోయిన హీరోలు టీవీలో గంతులెయ్యడం తనూ చూసింది కదా, బొమ్మ కదిలితే మాత్రం ఏం లెక్క? లేచి వెళ్లిపోయింది. అద్దంలో పళ్లెం ఒక్కటే మిగిలింది. అయిపోయింది, ఇక అంతే అనుకున్నాను. మా ఆయన ఫోను దించలేదు.

అక్క వెనక్కి వచ్చింది. చేతిలో కానాగంత చేప ఉంది. దాన్ని అద్దానికి దగ్గరగా పెట్టి, బొటనవేలితో మొప్ప పైకెత్తి చూపించింది. ఏమీ అడగలేదు, ఊరికే చూపించింది.

అమ్మ మెడ సాచింది. ఫోను దగ్గరికి తెమ్మని మా ఆయనకి సైగ చేసింది. మొప్పల లోపలి రంగు మాకు అంత స్పష్టంగా కనపడుతోంది, ఎరుపు కాదు, ఇటుక రంగు. అంతే, మా అమ్మకి ఒళ్లు మండిపోయింది. చెంపకింద చెయ్యి పెట్టి రెండు వేళ్లు ఝాడించి చూపించింది, రెండు రాత్రుల చేప అది. ముక్కు మూసుకుంది. పారెయ్యమంది. ఎవరిచ్చారు, తీసుకునేటప్పుడు నీ కళ్లేమయ్యాయి, ఎన్నిసార్లు చెప్పాను మొప్ప చూడమని? రెండు చేతులూ గాల్లో ఎగురుతున్నాయి, మంచం కిర్రుమంటోంది, తుంటి ఆపరేషనయిన మనిషన్న ధ్యాసే లేదు. ఆ చేతుల్లో ఒక్క వేలు కూడా చెదరలేదు అద్దంలో. ఎక్కడా ఆగలేదు.

అక్క కావాలనే పాడైన చేప తెచ్చింది. అది మాకెవరికీ తట్టలేదు, నాకు కూడా తిట్లు సగం అయ్యాక గానీ అర్థం కాలేదు. నేను నెలల తరబడి ఆలోచించినా తేల్చలేకపోయాను, మనిషి బతికుందని ఎలా రుజువు చెయ్యాలా అని. తను అరనిమిషంలో తేల్చుకుంది. పోయినవాళ్లు అన్నం తిన్నామని చెప్తారేమో, నవ్వుతారేమో. ఇప్పుడు, ఈ చేపకి, ఈ మొప్పకి తిట్టలేరు. ఏ పుస్తకం చదివిందని తనకింత తెలివి? నాకు ఆ రోజు కొత్త ఫోను గొప్పగా కనిపించింది, నిజమే, లేదనను. దాన్ని చేసినవాళ్లకి చేతులెత్తి మొక్కాలనిపించింది. కానీ దానికి అటువైపు ఒక ఆడమనిషి, ఇటువైపు ఒక ఆడమనిషి, ఇద్దరికీ అక్షరం రాదు, ఇద్దరి మధ్యా పాడైన చేప ఒకటి. అంత పెద్ద విషయాన్ని అంత చిన్న వస్తువుతో తేల్చడం నేను జన్మలో చూడలేదు.

అక్క చేతిలోంచి చేప జారింది. అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. అక్కకి గొంతుంది, మాటే లేదు. ఆ గొంతుతో ఏడ్చింది. అమ్మ తిట్టడం ఆపి, అద్దంమీద చెయ్యి పెట్టి అక్క తల నిమిరింది. మా ఆయన అప్పుడూ ఫోను దించలేదు, మొహం మాత్రం పక్కకి తిప్పుకున్నారు.

తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఎంతసేపో నాకు తెలియదు. పిల్లి ఈనిందని, పందిరికి కొత్త తాటాకు వేశారని, బావ మళ్లీ చుట్టలు తాగుతున్నాడని. మూడు నెలల మాటలు ఉన్నాయి అక్క దగ్గర. ఇటు నా కూర గురించి అమ్మ చెప్పిన చాడీలు సరేసరి. నేను గోడకి ఆనుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాను. గదిలో చప్పుడే లేదు. ఫ్యాను తిరుగుతోంది. అంత గట్టి కబుర్లు మా ఇంట్లో ఎప్పుడూ నడవలేదు.

మాటల మధ్యలో అక్క చెయ్యి ఆపి, అమ్మ వెనక దిండుమీద ఉన్న దానివైపు వేలు చూపించింది. డబ్బా అది. పసుపు, కుంకుమ, పదిహేను రోజుల అగరొత్తుల మసి. అక్క బొటనవేలు నోటి దగ్గర పెట్టి నన్ను పిలిచింది. ముందుకొచ్చాను. కొత్తదా, ఎప్పుడు కొన్నారు అని అడిగింది.

ఇవాళే అని చెప్పొచ్చు. ఒక్క సైగ పని. సంతోషంగా ఉంది, ఎందుకు బాధపెట్టడం అని నా చేతులకి అప్పుడే అనిపించింది కూడా, నాన్నప్పుడు అనిపించినట్టే. అమ్మ నావంక చూసి, తనే చెప్పబోతున్నట్టు చెయ్యి లేపింది. ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను. చెంపకింద చెయ్యి పెట్టుకుని, పది వేళ్లు చూపించి, మళ్లీ ఐదు చూపించాను.

అక్క ఆ వేళ్లవంక చూసింది. ఈసారి మొహంవంక కాదు, చేతులవంకే. తర్వాత నెమ్మదిగా, నేను తప్పుగా అర్థం చేసుకోకుండా ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"ఆ పదిహేను రాత్రులూ అమ్మ ఫోటో ముందు అన్నం పెట్టాను. నీ దగ్గర ఇది ఉంది."

మూఢానికి మా భాషలో సైగ లేదు. సేల్‌కి లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు. అవునని తల ఊపాను. కళ్లు దించుకోకుండా ఊపడానికి నాకున్న ధైర్యమంతా ఖర్చయిపోయింది. అక్క కోపం పోయిందని నేననను, పోలేదు. నమ్మింది, అంతే. పదేళ్ల తర్వాత నేను చెప్పిన మాట ఒకటి నమ్మింది.

తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, ఈగని తోలినట్టు నావైపు చెయ్యి విసిరింది. జరుగు, అమ్మ కనపడట్లేదు అని.

జరిగాను.